వణుకుపిట్టల లెక్క

మే 4, 2019, శనివారం

మెన్నా నాకు వెనకవైపు గది ఇచ్చింది. ముందు గదులు డబ్బిచ్చే అతిథులకు. నా కిటికీలోంచి గొర్రెల దొడ్డి కనబడుతుంది, దాని వెనక కొండ, కొండ కింద కోయెడ్ ఇ గ్లిన్ అడవి. నాకు కావలసింది ఆ అడవే కనుక ఫిర్యాదు లేదు. లేదని ఆవిడతో మాత్రం అనలేదు.

"మెట్లు జాగ్రత్త బావా, మూడోది ఊగుతుంది."

"నీ పెళ్ళినాటి నుంచీ ఊగుతోంది."

"అవును మరి, నువ్వొచ్చి బాగుచేస్తావని ఎదురుచూస్తున్నా."

నా భార్య నెస్టా చెల్లెలు కదా, మాట తీరు అదే. నెస్టా పోయి ఆరేళ్ళు. ఆ గొంతు ఈ ఇంట్లో ఇంకా తిరుగుతూనే ఉంది.

ఎందుకు వచ్చానో ఇక్కడ స్పష్టంగా రాసుకోవాలి, రేపు నన్ను నేను మోసం చేసుకోకుండా. ఈ అడవి ఒక ట్రస్టుది. మూడేళ్ళ కింద మెన్నా ట్రస్టు అనుమతితో అడవిలో రెండు మాటుగుడిసెలు వేయించింది. పక్షుల ఫొటోలు తీసే పట్నవాసులు వారం వారం వచ్చి వాటిలో కూర్చుంటారు, ఈవిడ వండింది తింటారు. గుడిసెలు ఎక్కడ వేయాలో చెప్పింది ట్రెవర్ గిట్టిన్స్, మా జిల్లా పక్షుల లెక్కల కార్యదర్శి. ఆ మూడేళ్ళుగా ఈ అడవిలో ఒక్క వణుకుపిట్ట పాడలేదు. పుస్తకాల పేరు వేరు. ఆకుపచ్చ వీపు, నిమ్మపండు రంగు గొంతు, పాడేటప్పుడు తోక దాకా వణుకు, అందుకని నెస్టా పెట్టిన పేరు అది. నలభై నాలుగు వసంతాలుగా నేను ఇక్కడ వాటిని లెక్కపెడుతున్నాను. లెక్క చూసి కాదు, విని. ఆకులు వచ్చాక ఈ పిట్ట కంటికి దొరకదు.

పదమూడో తేదీ సోమవారం ట్రస్టు సభ. అనుమతి పొడిగించాలా వద్దా అన్నది ఆ రోజు తేలుస్తారు. గురువారం లోపు నా ఉత్తరం పోస్టులో పడాలి. అయిదు పొద్దులు, అయిదు సున్నాలు, కింద నా సంతకం. ఆ తర్వాత గుడిసెలు ఉండవు.

గొర్రెల మీద వచ్చేది గొర్రెల మేతకే చాలదని మెన్నా చెప్పింది. అతిథులు రాకపోతే ఈ పొలం అమ్మాల్సిందే. నాకు తెలుసు. మెన్నా మీద నాకు కోపం లేదు. నా తగువు గిట్టిన్స్‌తో.

అయితే నన్ను పిలిచింది మెన్నాయే. అతిథులకు పక్షులు చూపించే మనిషి చీలమండ విరగ్గొట్టుకున్నాడట. "ఎలాగూ నా మీద ఉత్తరం రాస్తావుగా, వచ్చి నా అన్నం తింటూ రాయి," అంది ఫోనులో. "పాడుతున్నాయి బావా, నిన్న పొద్దున కూడా విన్నాను."

సొంత లాభం ఉన్న సాక్షి. ఏ న్యాయస్థానమూ ఒప్పుకోదు.

మే 5, ఆదివారం

పొద్దున అయిదింపావుకు బయలుదేరాను. ఎనిమిది మజిలీలు, ఒక్కోచోట అయిదు నిమిషాలు నిలబడటం, ఇది నా పద్ధతి. మారలేదు. మంచు లేదు, గాలి లేదు. కింద నీలిగంటల పూలు మోకాలెత్తు. కోకిల రెండు చోట్ల. నల్లా తెల్లా ఈగపిట్టలు ఏడు. బుల్‌ఫించ్ రెండు, ఎక్కడో పైన విచారంగా ఈల వేస్తూ.

వణుకుపిట్ట: 0.

బంగారు తురాయిపిట్ట: 0. ఇవి పోయి చాలా ఏళ్ళయింది.

అతిథులు దిగారు. చెస్టర్ నుంచి పళ్ళ డాక్టరు, ఆయన భార్య. ఒకే రంగు కోట్లు వేసుకుని, మాటలు పొదుపు చేస్తున్నట్టు ఉంటారు. ఇంకొకావిడ ఉల్వర్‌హాంప్టన్ నుంచి, పాలీన్ హాజ్‌కిస్, ముప్ఫై ఒక్క ఏళ్ళు బస్సు నడిపి రిటైరైంది. చేతిలో ఫిరంగి అంత కెమెరా. భోజనాల బల్ల దగ్గర నన్ను అడిగింది:

"పెద్దాయనా, పక్షుల పేర్లు మొత్తం తెలుసటగా మీకు?"

"ఈ జిల్లాలోవి."

"నాకు మూడు తెలుసు. పావురం, బాతు, క్రిస్మస్ కోడి."

అందరూ నవ్వారు. పళ్ళ డాక్టరు కూడా. పక్షి పేరు తెలియకుండా దాని ఫొటో తీయడం, ఒక మనిషి పేరు అడక్కుండా శవపేటికకు కొలతలు తీసుకోవడం లాంటిది. అలా అందామనుకున్నాను. మెన్నా నా వైపు చూసింది. ఇంకో బంగాళాదుంప తీసుకున్నాను.

మే 6, సోమవారం

వణుకుపిట్ట: 0. బుల్‌ఫించ్: 3.

మే 7, మంగళవారం

హాజ్‌కిస్ నా వెంట వస్తానంది. గుడిసెలో కూర్చుంటే కాళ్ళు పట్టేస్తున్నాయట. మాట్లాడకూడదన్నాను. బస్సులో డ్రైవరుతో మాట్లాడరాదని తన తల మీదే బోర్డు ఉండేదంది, కనుక తనకు ఆ నియమం బాగా తెలుసంది. నేను నిలబడి వింటుంటే ఇరవై గజాల వెనక కెమెరా పట్టుకుని ఎటెటో తిప్పుతూ ఉంది. నాలుగో మజిలీ దగ్గర చాటుగా వచ్చి చెవి దగ్గర అంది:

"ఆ గడగడ ఏమిటండీ? గిన్నె మీద మూత కొట్టుకున్నట్టు?"

కొండ అవతల రాళ్ళ గని ఉంది, అదై ఉంటుందన్నాను. నిజానికి నాకు గని చప్పుడు వినబడలేదు. ఆవిడ బస్సు ఇంజన్ల పక్కన ముప్ఫై ఏళ్ళు కూర్చున్న మనిషి, చెవుల్లో ఏం మోగుతోందో ఎవరికి తెలుసు.

0. బుల్‌ఫించ్ 4. ఓక్ అడవిలో ఇన్ని బుల్‌ఫించ్‌లు నేను ఎప్పుడూ చూడలేదు. చూడలేదు అంటే ఇప్పుడూ చూడలేదు, విన్నాను. తోటల పిట్ట అది, ఇక్కడికెందుకు చేరిందో. ఖాళీ అయిన ఇంట్లోకి కొత్తవాళ్ళు రావడం మామూలే. ఉత్తరంలో ఈ విషయం కూడా పెట్టాలి.

మధ్యాహ్నం వంటింట్లో కూర్చుని పత్రిక చదువుతున్నాను. మెన్నా గొర్రెల దొడ్డి నుంచి పరిగెత్తుకుంటూ వచ్చింది. గది నిండా పొగ.

"బావా! ఓవెన్ గంట మోగుతుంటే పక్కనే కూర్చుని ఏం చేస్తున్నావ్? పెరట్లోకి వినబడుతోంది నాకు!"

"మోగలేదు."

"మోగలేదా! కీచుమని పావుగంట నుంచి మోగుతోంది. ఎండుద్రాక్షల రొట్టె, రెండు పోయాయి."

"చదువుతున్నాను. చదివేటప్పుడు నాకేదీ పట్టదు, మీ అక్కనడుగు."

మెన్నా మాడిన రొట్టెలు కోళ్ళకు వేసింది. తర్వాత నా ఎదురుగా కూర్చుని, చేతులు గౌనుకు తుడుచుకుంటూ, నెమ్మదిగానే అడిగింది:

"నిజంగా రాస్తావా?"

"నిజం రాస్తాను."

"సరేలే. టీ తాగుతావా?"

మే 8, బుధవారం

పొద్దున లెక్క అయ్యాక వాన పట్టుకుంది. 0. మధ్యాహ్నమంతా గదిలో.

గిట్టిన్స్ సంగతి వరసగా రాసుకుంటాను. రేపటి ఉత్తరానికి పనికొస్తుంది.

మాకు పదహారేళ్ళప్పుడు, ఈ దేశం మొత్తంలో ఎర్రగద్దలు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని ఉన్న రోజుల్లో, గుడ్ల దొంగలు రాకుండా ఒక గూడుకు కాపలా కాశాం, వాడూ నేనూ, వంతులేసుకుని. ఆ గూడు ఎక్కడుందో ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు, పెళ్ళాలకు కూడా. అప్పట్లో వాడు నమ్మదగినవాడు. తర్వాత పశువుల డాక్టరయ్యాడు. తర్వాత కార్యదర్శి అయ్యాడు. మనిషి చేతికి ఒక రబ్బరు ముద్ర ఇస్తే ఏమవుతాడో చరిత్ర నిండా ఉంది.

ఒకటి. మూడేళ్ళుగా జిల్లా వార్షిక నివేదికలో కోయెడ్ ఇ గ్లిన్ ఎదురుగా ఏమని అచ్చేశాడు? "లెక్క అందలేదు." అందలేదా! వాడి ఇంటి తలుపు సందులోంచి నా చేత్తో లోపలికి తోశాను. సున్నా అంటే లెక్క అందకపోవడం కాదు. సున్నాను కనిపెట్టడానికి మానవజాతికి ఎన్ని వందల ఏళ్ళు పట్టిందో వాడు చదివి ఉండడు.

రెండు. బంగారు తురాయిపిట్టల అంతర్ధానం మీద పదకొండు పేజీల వ్యాసం రాశాను. 2013 నుంచి ఏటేటా ఎలా తగ్గాయో, 2016కి ఎలా శూన్యమయ్యాయో గీత గీసి మరీ చూపించాను. మంచు, పైన్ చెట్ల నరికివేత, అన్ని కారణాలూ ఉదహరించాను. అచ్చెయ్యలేదు. "రెండో శ్రోత కావాలి" అని చీటీ రాశాడు. నా మాటకు సాక్షి కావాలన్నమాట.

మూడు. చెవుల్లో బఠాణీ గింజల్లాంటి యంత్రాలు పెట్టుకు తిరుగుతాడు. ఏడేళ్ళుగా. చెవిటివాడు కార్యదర్శి, వినేవాడు నిందితుడు.

వాడొక్కడేనా. గ్రంథాలయంలో నేను ముప్ఫై ఏళ్ళు కాపాడిన పాత చేతిరాత పటాలను తడిసిన గోదాములో పడేసిన కమిటీ ఉంది. నెస్టా సమాధి దగ్గర, "ఆమె ఇప్పుడు నైటింగేల్ పాట వింటూ ఉంటుంది" అన్న పాదరీ ఉన్నాడు. మా జిల్లాలో నైటింగేల్ లేదు. ఎప్పుడూ లేదు. నెస్టా ఉండి ఉంటే శవపేటికలోంచి లేచి సరిదిద్దేది.

నెస్టాకు తెలిసిన పాటలు నాకన్నా తక్కువ, కానీ ముందు వినేది. ఎప్పుడూ. నా చెయ్యి మీద చెయ్యి వేసేది, అంతే, మాట్లాడేది కాదు. తర్వాత ఒక క్షణానికి నేనూ వినేవాణ్ణి. చివరి రెండు వసంతాల్లో ఆ క్షణం కాస్త ఎక్కువైందని ఇప్పుడు అనిపిస్తోంది.

ఎందుకు రాశానో ఈ వాక్యం. వాన ఆగింది.

మే 9, గురువారం

0. అయిదో సున్నా. బుల్‌ఫించ్ 5.

పదకొండింటికి ముందే ఉత్తరాన్ని గేటు దగ్గర ఎర్ర డబ్బాలో వేశాను. నాలుగు పేజీలు. చేతిరాత చక్కగా కుదిరింది.

అదే రోజు, టీ తర్వాత

జరిగింది జరిగినట్టు రాస్తాను.

నాలుగింటికి హాజ్‌కిస్ తన ఫొటోలు అందరికీ చూపిస్తానంది. ముందు గదిలో టీవీకి కెమెరా తగిలించింది. పళ్ళ డాక్టరు దంపతులు సోఫాలో, మెన్నా టీ పోస్తూ, నేను కిటికీ దగ్గర. ఎర్రగద్దలు, గొర్రెపిల్లలు, మళ్ళీ గొర్రెపిల్లలు. బాగానే తీసింది. పళ్ళ డాక్టరు ఫొటోల కన్నా బాగా.

"ఇప్పుడు పెద్దాయన. తిట్టుకోకండేం," అంది.

నాలుగో మజిలీ. నేను, నా టోపీ, తెరిచిన పుస్తకం. రాస్తున్నాను. మూల మీద టైము: 5:52, మంగళవారం. ఏం రాస్తున్నానో నాకు తెలుసు. సున్నా రాస్తున్నాను.

నా టోపీకి రెండు బారల పైన ఒట్టి కొమ్మ. కొమ్మ మీద నిమ్మపండు రంగు గొంతు. ముక్కు తెరిచి ఉంది. రెక్కలు కిందికి జారి ఉన్నాయి, వాటి కొసలు ఫొటోలో చెదిరిపోయాయి, వణుకుతున్నాయి కనుక.

"ఇదే ఆ గడగడ చేసింది! మిమ్మల్ని అడిగానుగా, గని అన్నారు. తర్వాత చూస్తే ఇది. ప్రతిచోటా ఉన్నాయి. ఇదుగో, ఇది ఆరో చోట. ఇది మళ్ళీ పొద్దున. దీని పేరేమిటి?"

చెప్పవలసినవాణ్ణి నేను.

"వీడియో కూడా ఉంది, పాటతో," అంది, నా మొహం చూడలేదు పాపం, మీట నొక్కింది.

వాగు చప్పుడు వినబడింది. బాగా వినబడింది. హాజ్‌కిస్ బూటు కింద పుల్ల విరిగింది, అదీ వినబడింది. తెర మీద పిట్ట తల ఎత్తి ముక్కు తెరిచింది, తోక దాకా వణికింది. వాగు చప్పుడు. మళ్ళీ వణికింది. వాగు చప్పుడు. పళ్ళ డాక్టరు భార్య, ఆదివారం నుంచి నోరు విప్పని మనిషి, "అబ్బ, ఎంత బాగుందో," అంది.

తర్వాత అదే పిట్ట, అదే ముక్కు తెరిచి, విచారంగా ఈల వేసింది. ప్యూ, ప్యూ, ప్యూ. అది నాకు వినబడింది.

ఈ పిట్టకు రెండు పాటలు. ఒకటి సన్నది, గలగలమనేది. రెండోది అప్పుడప్పుడూ వేసే బరువైన ఈల. జిల్లాలో ఈ సంగతి పిల్లలకు పాఠంగా చెప్పింది నేనే. నలభై ఏళ్ళు చెప్పాను. సన్న పాట లేకపోయేసరికి ఈల ఇంకెవరిదో అనుకున్నాను. పుస్తకంలో ఆ ఈలకు దగ్గరగా ఉన్న పేరు వెతికి పెట్టాను.

మెన్నా నా కప్పులో టీ పోసింది. చక్కెర కూడా తనే వేసింది.

సాయంత్రం

ఈ వారం బుల్‌ఫించ్: 0.

మే 10, శుక్రవారం

పొద్దున అడవికి పోలేదు. వంటింట్లో మెన్నా ఒక్కతే ఉన్నప్పుడు చెప్పాను.

"నిన్న ఉత్తరం వేసేశాను."

"తెలుసు. పోస్టావిడ డబ్బా తెరిచి, కవరు మీద ట్రస్టు పేరు చూసి నాకు చూపించింది. 'ఇది తీసుకెళ్ళనా మెన్నా, ఇక్కడే మర్చిపోనా?' అంది. తీసుకెళ్ళమన్నాను."

"ఎందుకు?"

"ఇంకొకరి ఉత్తరాలు ఆపే అలవాటు మా ఇంట్లో లేదు. నాన్న తోలు తీసేవాడు."

"నా చెవుల సంగతి నీకు..."

"రొట్టె మాడినప్పుడు అనుమానం వచ్చింది. అంతకు ముందు కేవలం నువ్వు మొండివాడివనే అనుకున్నా." గుడ్డు పగలగొట్టి పెనంలో వేసింది. "మొండితనం ఎలాగూ ఉంది, అది వేరే."

హాజ్‌కిస్ కారులో గిట్టిన్స్ ఇంటికి దింపింది. దారిలో ఒకసారి మాత్రం, "నేను మీట నొక్కకుండా ఉండాల్సింది," అంది. కాదన్నాను. ఆవిడ బండి నడపడం చూస్తుంటే బస్సు ఎక్కిన ధైర్యం వచ్చింది. ఇరుకు దారిలో గొర్రెల మందను ఒక్కసారి కూడా హారను కొట్టకుండా దాటించింది.

మూడేళ్ళ తర్వాత ఆ తలుపు తట్టాను. గిట్టిన్స్ ముసలివాడయ్యాడు. వాడూ నన్ను చూసి అదే అనుకుని ఉంటాడు. ముందు గదిలో కాగితాల గుట్టలు, ఒక కుంటి కుక్క.

"ఒరేయ్ ఇద్వాల్. తిట్టడానికొచ్చావా, కూర్చోడానికొచ్చావా?"

"రెండూ. ఎప్పట్నుంచి తెలుసు నీకు?"

దేని గురించని అడగలేదు. "తురాయిపిట్టల వ్యాసం వచ్చినప్పుడు. నువ్వు గీసిన ఆ గీత ఉంది చూడు, అచ్చం అలాంటిదే నాకు చెవుల ఆసుపత్రిలో గీసిచ్చారు. సన్న పాటలు ముందు పోతాయి. తురాయిపిట్ట, తర్వాత చెట్టుపాకుడుపిట్ట, తర్వాత వణుకుపిట్ట. నువ్వు రాసిన వరస కూడా అదే."

పదకొండు పేజీలు. మంచు. పైన్ చెట్లు.

"చెప్పొచ్చుగా!"

"చెప్పానురా. రెండుసార్లు. ఒకసారి ఈ గుమ్మంలోనే. 'కుక్కల డాక్టరువి, కుక్కల చెవులు చూసుకో' అన్నావు. రెండోసారి ఆ మరుసటి ఏడాది, మీ ఇంటికొచ్చి. తలుపు వేసేశావు, నా వేళ్ళు తలుపు సందులో పడ్డాయి." వేళ్ళు చూపించాడు, ఇప్పుడేం లేదు వాటి మీద. "ఇంకేం చెయ్యను? నువ్విచ్చే సున్నాలు అచ్చేస్తే నీ నలభై ఏళ్ళ లెక్కంతా జనం నవ్వులాట చేసుకుంటారు. అందుకని అందలేదన్నా. ఆ అడవిలోకి నేను వెళ్ళి లెక్కపెట్టలేను కూడా, అది నీది."

ఈ మాటలు మూడేళ్ళ కింద వింటే ఏం చేసేవాణ్ణో తెలుసు. ఇప్పుడూ కోపం వచ్చింది. దయ చూపించేవాళ్ళ మీద వచ్చే కోపం ఇంకెవరి మీదా రాదు. మనిషి బతికుండగానే వాడికి తెలియకుండా వాడి పరువు కాపాడటం, అదేం స్నేహం.

"నా ఉత్తరం రేపొస్తుంది," అన్నాను. "సోమవారం సభకు."

"మెన్నా గుడిసెల మీదా?"

తల ఊపాను.

గిట్టిన్స్ కుక్క తల నిమిరాడు కాసేపు. "ట్రస్టు కాగితాలు కూడా ఇప్పుడు నేనే చూస్తున్నా, టపా తెరిచేది నేనే. పొయ్యిలో వేస్తా. నీకూ నాకూ తప్ప ఎవరికీ తెలీదు. గద్దగూడు లాగే."

ఒప్పుకోవడం ఎంత తేలిక! ఒక్క క్షణం ఒప్పుకున్నాను కూడా, లోపల. నా పేరు నిలబడుతుంది, మెన్నా పొలం నిలబడుతుంది, వచ్చే ఏడు ఏదో ఆరోగ్యం వంకతో లెక్క మానేయవచ్చు. అప్పుడు చేతిలో కవరు పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డ మెన్నా గుర్తొచ్చింది. తీసుకెళ్ళమంది.

"వద్దు," అన్నాను. "నా నోటితో ఒక మనిషి మీద నేరం మోపాను. మూడేళ్ళుగా జిల్లా అంతా చెప్పాను, చర్చి వాకిట్లో చెప్పాను, మంగలి దుకాణంలో చెప్పాను. కాగితం కాలిస్తే అదంతా కాలుతుందా? సభలో చదివించు. దాని వెనకాల ఇంకో ఉత్తరం కూడా చదివించు. అది ఇక్కడే రాసిస్తాను. పెన్ను ఇయ్యి."

"నవ్వుతారురా."

"నవ్వనీ. మన జిల్లాలో నవ్వడానికి ఇంకేం ఉంది."

అర పేజీ పట్టింది. నిన్నటిది నాలుగు పేజీలు. గిట్టిన్స్ చదివి, చెవిలోంచి యంత్రం ఒకటి తీసి, గుడ్డతో తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"దీంతో తురాయిపిట్ట వినబడుతుందా?" అడిగాను.

"రేకుల డబ్బాలో వేసి ఆడించినట్టు. పాట కాదు. కానీ ఉందని తెలుస్తుంది."

"చాలా అసహ్యంగా ఉంటుందన్నమాట."

"చాలా. ఆసుపత్రి ఫోన్ నెంబరు రాసివ్వనా?"

రాసిచ్చాడు. జేబులో పెట్టుకున్నాను. థాంక్స్ చెప్పలేదు. తిట్టడం కూడా పూర్తి కాలేదు, ఇంకోసారి రావాలి.

మే 11, శనివారం

అతిథులు భోజనం చేసి వెళ్ళిపోయారు. ఇది రాసేసరికి ఇంట్లో గొర్రెల చప్పుడు తప్ప ఏమీ లేదు. నాకు వినబడేంతవరకు.

పొద్దున అయిదుకు హాజ్‌కిస్ తలుపు తట్టాను. కెమెరా వద్దన్నాను, చెవులు చాలన్నాను. ఆ గడగడ వినబడినప్పుడల్లా ఎటు నుంచి వస్తే అటు చెయ్యి చాపాలి. ఒకే పిట్టను రెండుసార్లు చూపించకూడదు. మాట్లాడకూడదు.

"టికెట్లు కొట్టే పని ఒక్కటే నేను చెయ్యలేదు ఇంతవరకు. అదీ అయిపోతుంది," అంది.

నలభై నాలుగు వసంతాల్లో మొదటిసారి చెట్ల వైపు చూడకుండా ఈ అడవి దాటాను. ఒక బస్సు డ్రైవరు చెయ్యి వైపు చూస్తూ. లావుపాటి చెయ్యి, మణికట్టు మీద పాత వాచీ. మొదటి మజిలీలో కదల్లేదు. రెండో చోట లేచింది, కుడికి. మూడో చోట రెండుసార్లు. నాలుగో చోట పైకి, తిన్నగా నా తల మీదికి, ఆవిడ నవ్వు ఆపుకుంటోంది. ఆరో చోట ముందు ఎడమకు, తర్వాత కుడికి, తర్వాత వాగు వైపు, ట్రాఫిక్ పోలీసులాగ. గుడిసె పక్కనే ఉన్న ఓక్ మీద కూడా ఒకటి. గిట్టిన్స్ సరైన చోటే వేయించాడు. ఈ మాట వాడితో అనను.

ఎనిమిదో చోట చెయ్యి చాపిన వైపు పిట్ట కిందికి దిగి, మా ఎదురుగా నడుమెత్తు కొమ్మ మీద వాలింది. ముక్కు తెరిచింది. వణికింది. నేను ఆవిడ మొహం వైపు చూశాను. అక్కడ కనబడింది, ఆ పాట ఇంకా ఎలా ఉందో.

అయిదు నిమిషాలు దాటాయి. పద్ధతి తప్పాను. పన్నెండు నిమిషాలు నిలబడ్డాం.

లెక్కల పుస్తకంలో పెన్సిలుతో కాదు, సిరాతో రాశాను.

వణుకుపిట్ట: 11.

విన్నది: పాలీన్ హాజ్‌కిస్, ఉల్వర్‌హాంప్టన్.

రాసింది: ఇద్వాల్ బెబ్.

చివరి గడి పేరు "ఇతర వివరాలు". గాలి, మబ్బు, వాన రాసే గడి అది. రాశాను: పరిశీలకుడికి ఈ పక్షి పాట వినపడదు. 2013 నుంచి సన్న పాటల పక్షులకు ఇతను ఇచ్చిన సున్నాలన్నీ కొట్టివేయగలరు.